పత్తి తగ్గించమనే ముందు యూరియా లెక్క వెయ్యండి

తెలంగాణ వ్యవసాయ శాఖ కమిషనర్ గారికి, మార్కెటింగ్ శాఖ డైరెక్టర్ గారికి, ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల జిల్లా కలెక్టర్లకు

నమస్కారం.

ఎక్కడ యుద్ధం మొదలైనా వారం తిరక్కముందే మన దగ్గర రెండు మాటలు పుడతాయి. సమీక్షా సమావేశాల్లో ఒకటి: పత్తి, మిర్చి తగ్గించి తిండిగింజలు పెంచాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల్లో ఇంకొకటి: "పత్తి దాచిపెట్టుకోండ్రి, ధర లేస్తది." రెండూ లెక్క వెయ్యకుండా అనేసే మాటలే. వానకాలం పంటల ప్రణాళికలో యుద్ధకాలానికని ఒక అధ్యాయం విడిగా రాయమని అడగడానికి ఈ లేఖ. అది ధరల ఊహల మీద నిలబడకూడదు. ఎరువు బస్తా, విత్తనం, సరుకు పెట్టే చోటు, రైతు ఖాతాలో డబ్బు పడే తేదీ, ఈ నాలుగింటి మీద నిలబడాలి. యుద్ధంలో ముందుగా తెగేవి ఇవే కాబట్టి.

ముందు యూరియా. పత్తి తీసేసి మక్క (మొక్కజొన్న) వేస్తే తిండిగింజ పెరిగినట్టే కనబడుతుంది. కానీ సిఫారసు ప్రకారం బీటీ పత్తికి ఎకరాకు 60 కిలోల నత్రజని కావాలి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల 700 గ్రాములు. అంటే పత్తికి దగ్గర దగ్గర 3 బస్తాలు. వానకాలం హైబ్రిడ్ మక్కకు 80 కిలోలు, దాదాపు 4 బస్తాలు. మిర్చికి 120 కిలోలు, అంటే 6 బస్తాలకు కొంచెం తక్కువ. వరికి 48 కిలోలు చెబుతారు, రెండు బస్తాల పైచిలుకు. మన రైతులు వేసేది అంతకంటే ఎక్కువేనని మీకూ తెలుసు. కందికి మాత్రం నత్రజని 8 కిలోలు, భాస్వరం 20 కిలోలు చాలు. ఒక్క డీఏపీ బస్తాతో రెండూ తీరిపోతాయి. పెసరకూ అంతే.

ఇప్పుడు వెయ్యి ఎకరాల పత్తిని తీసుకోండి. దాన్ని మక్కకు మారిస్తే మండలానికి మరో వెయ్యి బస్తాల యూరియా కావాలి. కందికి మారిస్తే దాదాపు 3 వేల బస్తాలు మిగులుతాయి. పత్తికీ 24 కిలోల భాస్వరం పడుతుంది కనుక డీఏపీ వాడకం అదనంగా పెరగదు. డీఏపీలో వచ్చే నత్రజనిని ఈ లెక్కలో కలపలేదు. కలిపితే ఒక్కో పంటకు అర బస్తా తగ్గుతుంది గానీ పత్తికీ మక్కకూ ఉన్న తేడా అట్లనే ఉంటుంది. 'వాణిజ్య పంట తగ్గించండి, తిండి పంట పెంచండి' అన్న ఒక్క ముక్క ఆదేశం ఏ పంటకు మళ్లించమంటుందో చెప్పకపోతే, ఎరువు కరువున్న ఏడాదిలోనే ఎరువు గిరాకీని పెంచి కూర్చుంటుంది.

రామగుండంలో ఫ్యాక్టరీ ఉంది కదా అంటారు. ఉంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కానీ అది నడిచేది బొగ్గు మీద కాదు, పైపులైనులో వచ్చే సహజవాయువు మీద. దేశం వాడే గ్యాసులో దాదాపు సగం ద్రవరూపంలో ఓడల మీద వస్తుంది. అందులో పెద్ద వాటా ఖతార్‌ది, ఆ ఓడలు హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. పొటాష్ మొత్తం దిగుమతే. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం రాగానే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తా 1700 రూపాయలకు చేరింది. డీఏపీ బస్తా ధర 1350 దగ్గర నిలబెట్టడానికి కేంద్రం ఒక్కో బస్తాకు 2501 రూపాయల సబ్సిడీ భరించాల్సి వచ్చింది. ధరను సబ్సిడీ ఆపగలదు. రాని ఓడను ఏ సబ్సిడీ తేలేదు.

2025 వానకాలంలో సహకార సంఘాల ముందు చెప్పులు వరుసలో పెట్టుకుని రైతులు నిలబడటం రాష్ట్రమంతా చూసింది. సరఫరా తగ్గడం అందులో సగం కారణమే. మిగతా సగం క్యాలెండర్లో ఉంది. జూన్ 20 ప్రాంతంలో విత్తిన పత్తికి 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలుగా నత్రజని వెయ్యాలి. రెండోది జూలై ఆఖరుకు, మూడోది ఆగస్టు 20కి పడతాయి. జూన్ చివర్లో పెట్టిన మక్క మోకాలెత్తు దాటి జల్లు (మగపూత) తీసేది ఆ రోజుల్లోనే. జూలైలో నాటిన వరి పిలకలు వేసేదీ అప్పుడే. మూడు పంటలూ ఒకే మూడు వారాల్లో ఒకే బస్తా కోసం వస్తాయి. అదే వారంలో రెండు మంచి వానలు పడితే అందరికీ ఒకే రోజు యూరియా కావాలి. జిల్లాకు సీజన్ మొత్తం మీద ఎన్ని టన్నులు వచ్చాయన్న లెక్క ఆ మూడు వారాల్లో ఎవరి ఆకలీ తీర్చదు.

అందుకని కూపన్లు పాస్‌బుక్కు మీద కాక పంట మీద, దఫా మీద ఇవ్వండి. పత్తికి దఫాకు ఎకరానికి 33 కిలోల యూరియా పడుతుంది. రెండెకరాల రైతుకు బస్తాన్నర. వ్యవసాయ విస్తరణాధికారి ఎలాగూ పంట నమోదు చేస్తారు. విత్తిన తేదీ కూడా రాస్తే ఏ ఊరికి ఏ వారం ఎన్ని బస్తాలు కావాలో ముందే తేలుతుంది. రైతు ఒకేసారి ఆరు బస్తాలు ఎందుకు కొంటాడంటే అత్యాశతో కాదు. ప్రతిసారీ ఆటో కిరాయి, ఒక రోజు కూలీ పోతుంది, పైగా మళ్లీ దొరకదేమోనన్న భయం. తెచ్చిన బస్తాలు వానకాలం తేమకు ఇంట్లో గడ్డకట్టి, రోకలితో కొట్టి పొడి చేసుకునే స్థితికి వస్తాయి. సంఘం లారీ ఊరికే వచ్చి దఫా ప్రకారం దించితే ఆ భయం సగం పోతుంది.

ఉన్నది తక్కువైనప్పుడు ఏ దఫా కొయ్యాలో కూడా ముందే చెప్పి ఉంచాలి. మొదటి రెండు దఫాలు కొయ్యొద్దు. కొమ్మ, గూడ (పూమొగ్గ) నిలబడేది వాటి మీదే. 80 రోజుల దఫాను పూర్తిగా ఆపి, దాని బదులు లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చెయ్యవచ్చు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లంటే 4 కిలోల యూరియా. మూడోది తప్పనిసరైతే సగం చెయ్యాలి. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, కానీ అందరూ చేసేదే: సాలు వెంట నడుస్తూ యూరియా విసిరేయడం. నేల ఎండి ఉంటే గాలికి పోతుంది, రాత్రి గట్టి వాన పడితే వరదకు పోతుంది. మొక్కకు బెత్తెడు దూరంలో వేసి మట్టి కప్పితే అదే 33 కిలోల పని 25 కిలోలు చేస్తాయి. కూలీ ఖర్చు అవుతుంది, నిజమే. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరికినంతకాలం ఆ కూలీ ఎవరూ పెట్టరు. దొరకని ఏడాది పెడతారు. నానో యూరియా సీసాలను మాత్రం బస్తాకు బదులు లెక్కలో రాయకండి. అర లీటరు సీసాలో ఉండే నత్రజనిని గ్రాముల్లో కొలవాలి, బస్తాలోదాన్ని కిలోల్లో.

భాస్వరం సంగతి కొంత నయం. ఏళ్ల తరబడి డీఏపీ వేసి వేసి మన నేలల్లో అది పేరుకుపోయి ఉంది. మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువని వచ్చిన చోట డీఏపీని సగానికి తగ్గించి, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను పశువుల ఎరువులో కలిపి దుక్కిలో వేస్తే పంటకు దెబ్బ తగలదు. మట్టి పరీక్ష ఫలితాలు కాగితాల్లో ఉన్నాయి. వాటిని ఊరి వారీగా తీసి రైతు వేదిక గోడ మీద అంటించడానికి యుద్ధం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

ఇక తిండిగింజల వాదన. ఇది 1942 నాటి ఆలోచన. ఆనాడు దానికి అర్థముంది. 1941 డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి దిగడంతో మన పొట్టి పింజ పత్తికి పెద్ద కొనుగోలుదారు ఒక్క దెబ్బకు పోయాడు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది, బర్మా బియ్యం ఆగిపోయింది. అమ్ముడుపోని పత్తి తగ్గించి, కొరతబడ్డ గింజలు పెంచమని 'అధికాహారోత్పత్తి' ఉద్యమం నడిపారు. ఇదే యుద్ధ సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వం లెవీ గల్లా (రైతు విధిగా ఇవ్వాల్సిన గింజల వాటా) వసూలు చేస్తే, దొరల గరిసెలు తప్పించుకున్నాయి, చిన్న రైతు గింజలు కొనుక్కొచ్చి లెవీ కట్టాడు. ఆ కథ ఎక్కడికి దారితీసిందో ఈ జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇవాళ లెక్క తిరగబడింది. తెలంగాణకు వడ్ల కొరత లేదు. వడ్లు దాచే గోదాముకు, గోనె సంచికి కొరత. దేశానికి నిజమైన లోటు వంటనూనెలో, పప్పులో. వాడే నూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తుంది. 2022లో ఉక్రెయిన్ పొద్దుతిరుగుడు నూనె ఆగింది, దానికి తోడు ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని మూడు వారాలకు పైగా నిలిపేసింది. అప్పుడు మన వంటింట్లో పడిన దెబ్బ అందరికీ గుర్తుంది. కాబట్టి యుద్ధకాలంలో పత్తి ఎకరా మారాలంటే వరివైపో మక్కవైపో కాదు. కంది, పెసర, పల్లి, నువ్వు, సోయాలవైపు మారాలి.

అదీ అన్ని నేలల్లో కాదు. ఆదిలాబాద్ రేగడిలో, పరకాల, జమ్మికుంట వైపు నల్ల నేలల్లో పత్తి ఎకరాకు 10 క్వింటాళ్లు దాటగలదు. ఆ నేల నుంచి పత్తిని పీకేస్తే రైతుకు దానంత నమ్మకమైన రొక్కం ఇంకోటి లేదు. జనగామ, తొర్రూరు వైపు చెల్కల్లో (తేలిక ఎర్ర నేలల్లో) వాన పది రోజులు ఆగితే చాలు, పత్తి వాడి 4, 5 క్వింటాళ్ల దగ్గర కూలబడుతుంది. మార్చాల్సింది ఆ చెల్కలు. మండలానికి ఇంత శాతం తగ్గించాలని హైదరాబాద్ నుంచి సమానంగా పంచి పంపితే, కాగితం మీద తగ్గేది రేగడిలో, నిజంగా నష్టపోయేది చెల్కలో.

రేగడిలో పత్తిని ఉంచి, దాని మధ్య కంది సాళ్లు పెట్టించండి. నాలుగు సాళ్ల పత్తికి ఒక సాలు, లేదా ఆరుకు ఒకటి. ఎకరాకు కిలో విత్తనం చాలు. ఇది కొత్త సంగతేమీ కాదు, మన తాతల పద్ధతే. మరి ఎందుకు పోయింది? రెండు కారణాలు. ఒకటి గడ్డిమందు. మందును తట్టుకునే అనధికార పత్తి విత్తనం వేసి గ్లైఫోసేట్ కొడితే పత్తి నిలబడుతుంది, కంది సాలు మాడిపోతుంది. ఆ విత్తనం చలామణీ ఆగకుండా అంతర పంట పెరగదు. రెండోది కోతులు, మేకలు. పత్తి ఏరుడు డిసెంబరుకు అయిపోతుంది, కంది జనవరి దాకా చేనులో ఉంటుంది. పత్తి అయిపోయిన చేలల్లోకి గొడ్లను వదలడం ఊరి అలవాటు. ఒక్కడే కంది పెడితే వాడి చేను ఊరుమ్మడి మేత అవుతుంది. ఊరు ఊరంతా కలిసి సంక్రాంతి దాకా గొడ్లను కట్టేస్తేనే ఇది నడుస్తుంది. అందుకు గ్రామసభ తీర్మానం కావాలి, సబ్సిడీ కాదు.

విత్తనం మీద ఒక మాట. పత్తి విత్తనం ప్యాకెట్ 475 గ్రాములు, ఎకరాకు రెండు, కంపెనీలే తెచ్చి అమ్ముతాయి. కంది విత్తనం అట్లా రాదు. పది వేల ఎకరాల్లో అంతర పంటగా పెట్టాలంటే 100 క్వింటాళ్లు, అవే ఎకరాలు పూర్తి పంటగా మారాలంటే దానికి మూడింతలు. ఇంత విత్తనం కావాలన్న ఇండెంటు ఫిబ్రవరిలో పెట్టకపోతే జూన్‌లో దొరకదు. చివరి నిమిషంలో ఇంటి కందులే దిక్కయితే, ముందు వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి ఐదారు రోజులు ఉంచి చూడాలి. 75కి తక్కువ మొలిస్తే ఆ గింజ పప్పుకే. విత్తేముందు గింజకు తెగుళ్లను ఆపే ట్రైకోడెర్మా, ఆ తర్వాత నత్రజనిని పట్టే రైజోబియం పట్టించాలి. ఎండుతెగులు ఉన్న చేనులో మళ్లీ కందే పెట్టడం మాత్రం వద్దు. తెగులు ఆ నేలలోనే కాచుకుని ఉంటుంది. వాన ఆలస్యమైతే పత్తికి జూలై 20 గడువు. దాటాక పత్తి ప్యాకెట్ తిరిగి ఇచ్చేసి కంది, ఆముదం వేసుకోవచ్చు, ఆగస్టు మధ్య దాకా సమయముంది. ప్యాకెట్ వాపసు తీసుకోవాలని దుకాణాలకు ముందే ఆదేశం ఉంటే రైతు మారతాడు. లేకపోతే కొన్న విత్తనం పారేయలేక ఆగస్టులోనూ పత్తే పెడతాడు.

పత్తి తిండి పంట కాదనేది కూడా సగం నిజమే. ఎకరాకు 8 క్వింటాళ్ల పత్తి వచ్చిందనుకోండి. జిన్నింగులో నూటికి 34 చొప్పున 272 కిలోల దూది, 510 కిలోల పైచిలుకు గింజ వస్తాయి, మిగతాది చెత్త, తరుగు. దూది రెండు బేళ్లు కూడా కాదు, బేలు 170 కిలోలు. ఆ గింజను మన నూనె మిల్లులు చాలావరకు దానికి అంటుకున్న నూగుతో సహా ఎక్స్‌పెల్లర్ గానుగలో వేసి ఆడతాయి. నూనె నూటికి 12 చొప్పున 60 కిలోలు దాటుతుంది, పిండి బర్రెలకు పోతుంది. అదే గింజను ముందు నూగు తీసి, పొట్టు వేరుచేసి, సాల్వెంట్‌తో (నూనెను కరిగించే ద్రావకంతో) నూనె లాగితే 17, 18 శాతం వస్తుంది. ఎకరాకు పాతిక కిలోలకు పైగా వంటనూనెను మనం పిండిలో వదిలేసి బర్రెకు పెడుతున్నాం. బర్రెకు ఆ నూనె చేటు కాదు, నిజమే. కానీ ఓడ రాని ఏడాది ఆ పాతిక కిలోల విలువ వేరు.

ఆ నూగు సంగతి ఇంకా ముఖ్యమైనది. జిన్నింగు తర్వాత గింజకు అంటుకుని మిగిలే పొట్టి పోగునే లింటర్లు అంటారు. గింజ బరువులో 5 శాతం అనుకున్నా మన ఎకరా నుంచి 25 కిలోలు. దాన్ని శుద్ధి చేసి నత్రికామ్లంలో నానబెడితే వచ్చేది నైట్రోసెల్యులోజ్, తుపాకి గుండునూ ఫిరంగి గుండునూ ముందుకు తోసే పొగలేని మందుకు మూలం. 1915 ఆగస్టులో బ్రిటన్ పత్తిని యుద్ధ నిషిద్ధ వస్తువుల్లో చేర్చింది బట్టల కోసం కాదు, జర్మనీ ఫిరంగులకు ఈ మందు అందకూడదని. ఉక్రెయిన్ యుద్ధంలో యూరప్ ఫిరంగి గుళ్ల ఉత్పత్తి పెంచబోయి లింటర్ల కోసం చైనా వైపు చూడాల్సి వచ్చింది. మన దేశంలో ఈ మందు తయారయ్యే సర్కారు కర్మాగారాల్లో రెండు భండారాలో, ఇటార్సీలో ఉన్నాయి. కాజీపేట, బల్లార్షా, నాగపూర్ మీదుగా పోయే రైలు మార్గం నేరుగా ఇటార్సీకే వెళుతుంది. వరంగల్‌కు కావాల్సింది రైలు కాదు, నూగు తీసే యంత్రాలు. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఒక నూగు తీసే యూనిట్, దానికి ఆనుకుని పొట్టు వేరుచేసే నూనె మిల్లు పెట్టేవాళ్లకు స్థలం, విద్యుత్ రాయితీ ఇవ్వండి. కొనే హామీ రక్షణ శాఖ నుంచి రాయించండి. హామీ లేకుండా ఏ మిల్లు యజమానీ పెట్టుబడి పెట్టడు. శాంతికాలంలో లింటర్ల ధర ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు.

ఇక అడ్తి దుకాణాల జోస్యం. అమెరికా అంతర్యుద్ధంలో 1861 నుంచి ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధిస్తే ఇంగ్లండు మిల్లులు మన పత్తి మీద పడ్డాయి. ఇప్పటి మహారాష్ట్రలోని బేరార్ నిండా పత్తి పరుచుకుంది, షావుకార్లు అడగకముందే అప్పులిచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది, అప్పు మాత్రం కూలలేదు. పదేళ్లకు, 1875లో పుణె, అహ్మద్‌నగర్ ప్రాంతాల్లో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి తగలబెట్టింది అప్పు పత్రాలను. అవతలి ఒడ్డున కథ ఇంకోలా నడిచింది. పత్తితో ఇంగ్లండును లొంగదీస్తామనుకున్న దక్షిణాది రాష్ట్రాలే తిండికి ఇబ్బందిపడి, పనివాడికి ఇన్ని ఎకరాలకు మించి పత్తి వెయ్యొద్దని చట్టాలు తెచ్చాయి. అర్కాన్సాస్ 2 ఎకరాలు, జార్జియా 3. అయినా 1863 ఏప్రిల్‌లో రిచ్మండ్ వీధుల్లో ఆడవాళ్లు రొట్టె కోసం దుకాణాలు పగలగొట్టారు. పల్లెలో గింజలున్నాయి, పట్నానికి తెచ్చే బండి లేదు, విలువున్న నోటు లేదు. ఎకరాల కోత ఒక్కటే తిండి పెట్టదన్నది మాకు అందులో కనబడేది.

దగ్గరి అనుభవం 2022ది. ఆ ఏడాది ఎనుమాములలో పత్తి క్వింటాలు 10 వేలు దాటింది. కానీ దాటింది జనవరి వచ్చాక. నవంబరు, డిసెంబరుల్లో అప్పు తీర్చడానికి అమ్ముకున్న చిన్న రైతు ఆ ధర చూడలేదు. అది చూసి మరుసటి ఏడాది అందరూ దాచారు. ధర దిగుతూ పోయింది. పత్తి వాకిట్లో, వంటింటి పక్క గదిలో నిండి, పిల్లలకు ఒళ్లంతా దురదలు, దూది పసుపుబారి తూకం తగ్గడం. పైగా కేంద్రం ఎప్పుడైనా 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేయవచ్చు. 2022లో ఎత్తేసింది, 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు ఆఖరు దాకా మళ్లీ ఎత్తేసింది, సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలల్లో. యుద్ధకాలంలో మిల్లుల ఒత్తిడి ఇంకా ఎక్కువ ఉంటుంది. సుంకం మీ చేతిలో లేదు. అక్టోబరు నుంచి జనవరి వరకు దాన్ని ముట్టుకోవద్దని ఢిల్లీకి రాయడం మీ చేతిలో ఉంది.

దాచుకోదగ్గవి కంది, పెసర, మక్క. పత్తి కాదు. కందిని 9, 10 శాతం తేమకు ఎండబెట్టి గాలి చొరని సంచిలో కట్టేస్తే పుచ్చు పురుగు ఆడదు. మార్కెట్ కమిటీ గోదాములో సరుకు పెట్టి విలువలో 75 శాతం దాకా అప్పు తీసుకునే ఏర్పాటు మార్కెటింగ్ శాఖలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని వాడుకునేది ఎక్కువగా పెద్ద రైతులు, కొన్నిచోట్ల రైతు పేరు మీద వ్యాపారులు. యుద్ధకాలంలో ఆ గోదాముల్లో సగం జాగా ఐదెకరాల లోపు వాళ్లకని కేటాయించండి. లేకపోతే ముందే వడ్లతో నిండిపోతాయి.

పత్తికి కావాల్సింది దాచే చోటు కాదు, తొందరగా కొనడం. కేంద్రం తరఫున పత్తి కొనే సీసీఐ (భారత పత్తి సంస్థ) 8 నుంచి 12 శాతం తేమ దాకా కొంటుంది, 8 పైన ప్రతి ఒక్క శాతానికి ధరలో ఒక శాతం కోత. 2025–26లో పొడవు పింజ మద్దతు ధర 8110. తేమ 12 ఉంటే చేతికొచ్చేది 7786. 8 క్వింటాళ్ల మీద 2600 రూపాయల తేడా. 12.5 వస్తే బండి వాపస్, కిరాయి రైతు నెత్తిన, దారిలో దళారీ సిద్ధం. మంచు ఆరకముందే ఏరిన అక్టోబరు పత్తిలో తేమ 15 దాటుతుంది. పొద్దున తొమ్మిది దాటాక ఏరి, టార్పాలిన్ మీద పలచగా పరచి మధ్యాహ్నం ఒకసారి తిప్పి రెండు రోజులు ఆరబెడితే 10కి దిగుతుంది. ఎరువుల ప్లాస్టిక్ సంచుల్లో నింపితే పోగులు దూదిలో కలిసి బేలు ధర పడిపోతుంది. గుడ్డ సంచులే వాడాలి. తేమ మీటరు పుల్లను బండి పైన గుచ్చితే ఒక లెక్క, అడుగున గుచ్చితే ఇంకో లెక్క. మూడు చోట్ల గుచ్చి సగటు తీయాలని రాతపూర్వకంగా పెట్టండి. ప్రతి రైతు వేదికలో ఒక మీటరు ఉంచితే రైతు బండి కట్టకముందే చూసుకుంటాడు. ఒక మీటరు ఖరీదు వెనక్కి తిరిగిన నాలుగు బండ్ల కిరాయి అంత కూడా ఉండదు.

కొనుగోలు ఆలస్యమైతే ఇంకో నష్టముంది, అది మరుసటి ఏడాది కనబడుతుంది. పత్తి అమ్ముడుపోని రైతు మూడో ఏరుడు, నాలుగో ఏరుడు అంటూ చేనును ఫిబ్రవరి దాకా ఉంచుతాడు. గులాబీ పురుగు ఆ చివరి కాయల్లోనే ఉండి కొత్త పంటకు ఎక్కుతుంది. డిసెంబరు ఆఖరుకు కట్టె పీకించాలంటే నవంబరులో డబ్బు చేతికి రావాలి.

కౌలు రైతు సంగతి మీకు ఎన్నోసార్లు చెప్పారు, మేమూ చెబుతున్నాం. ఎరువు కూపను, పత్తి అమ్మకానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు, మద్దతు ధర, అన్నీ చాలావరకు పట్టాదారు పేరు మీదే నడుస్తాయి. 2025లో ఎకరాకు 7 క్వింటాళ్ల పరిమితి పెట్టినప్పుడు మిగిలిన పత్తి తక్కువ ధరకు బయట పోయింది. కౌలుదారుకు మొత్తం పంటే అట్లా పోతుంది. పంట నమోదులో 'సాగుచేసేవారు' అని ఒక గడి పెట్టి, ఎరువు, అమ్మకం రెండూ ఆ పేరు మీద నడిపిస్తే చాలు. భూమి హక్కుల తగాదా దానికి అడ్డం రాకూడదు.

మిర్చి గురించి పొట్టిగా చెప్పేస్తాం: పెంచొద్దు. ఆరు బస్తాల యూరియా, లెక్కలేనన్ని మందులు, ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలు, అమ్మడానికి విదేశీ ఓడలు. ఈ నాలుగింటిలో ఏది తెగినా శీతల గిడ్డంగిలో బస్తాలు పేరుకుంటాయి, ధర కూలుతుంది, గిడ్డంగి కిరాయి పెరుగుతుంది. ఉన్న విస్తీర్ణం చాలు. పసుపు తొమ్మిది నెలల పంట. మేలో పెట్టినవాడు ఆగస్టులో యుద్ధం వచ్చిందని మార్చలేడు. అక్కడ చెయ్యగలిగింది ఉడకబెట్టే బాయిలర్లకు కట్టె, డీజిల్ జనవరికి సిద్ధంగా ఉంచడం వరకే.

మేమడిగే అధ్యాయంలో తేదీలు కూడా ఉండాలి. ఫిబ్రవరి 15కు కంది, పెసర విత్తన ఇండెంటు. మార్చి చివరికి ఊరి వారీగా రేగడి, చెల్క ఎకరాల లెక్క. భూభారతి (పాత ధరణి) వివరాల్లోంచి కాదు, విస్తరణాధికారి చేను తిరిగి రాసిన లెక్క. మే 31కి సీజన్ యూరియాలో కనీసం మూడో వంతు మండల గోదాముల్లో నిల్వ. జూలై 20న పత్తి గడువు ముగిసిందని దండోరా. సెప్టెంబరులో జిన్నింగు మిల్లుల తేమ మీటర్ల తనిఖీ, అక్టోబరు మొదటి వారంలో కొనుగోలు. ఇందులో ఏ తేదీ కుదరదో, ఎందుకు కుదరదో రాసి పంపితే దాని మీద మళ్లీ కూర్చుని మాట్లాడటానికి మేం సిద్ధం.

ఇట్లు,
వరంగల్, హనుమకొండ, జమ్మికుంట ప్రాంతాల్లో సాగు, జిన్నింగు, మార్కెట్ పనులు చేసేవాళ్లం